కృష్ణగిరిలో కొన్నది కృష్ణగిరిదేనా?

పోయిన ఏడాది మే నెలలో మా చిన్నమ్మ సియాటిల్‌లో ఉన్న కొడుకు దగ్గరికి బయల్దేరింది. ప్రయాణానికి వారం ముందు కృష్ణగిరిలో ఒక పెళ్ళికి పోయి హోసూరుకు తిరిగి వస్తుంటే దారిలో కారు ఆపమంది. "వాడికీ కోడలికీ మనూరి గురుతుగా ఏమన్నా పట్టుకుపోవాల, ఈడ చూద్దాం" అంది.

రోడ్డు పక్కన పెద్ద అంగడి. కోవిల్‌పట్టి కడలై మిఠాయి, తిరునెల్వేలి హల్వా, శ్రీవిల్లిపుత్తూరు పాల్‌కోవా, కేరళ అరటికాయ చిప్స్, చన్నపట్టణ కొయ్యబొమ్మలు వరసగా పేర్చి ఉన్నాయి. అన్నీ మంచి సరుకులే. "అన్నా, వీట్లో మన కృష్ణగిరిది ఏది?" అని చిన్నమ్మ అడిగింది. అంగడాయన అల్మారాల వంక కాసేపు చూసి, ఫ్రిజ్జులోంచి మామిడి డ్రింక్ సీసా ఒకటి తీసి చేతికిచ్చాడు. వెనక్కి తిప్పి చూశాను. తయారీ చిరునామా వేరే రాష్ట్రానిది.

ఆ అంగడి వెనక గోడ దాటితే మామిడి తోట. ఆ తోట కాయ ఆ సీసాలో ఉండొచ్చు కూడా. అయినా సీసా మీద మా ఊరి పేరు లేదు. ఆ రోజు నుంచి నన్ను వదలని ప్రశ్న ఒక్కటే: దారిన పోయేవాళ్ళు మా జిల్లాలో ఆగి పెట్టే డబ్బులో, మా జిల్లాలో పండించిన చేతికీ తయారు చేసిన చేతికీ చేరేది ఎంత? దీన్ని కొలిచి చెప్పిన లెక్క ఏదీ నా దగ్గర లేదు. కానీ ఆ దిక్కుగా తీసుకుపోయే అంకెలు చాలానే ఉన్నాయి.

సముద్రం లేని రేవు

కృష్ణగిరి పట్నానికి రైలు లేదు. తిరుపత్తూరు నుంచి చిన్న పట్టాల మీద వచ్చే బండి ఒకప్పుడు ఉండేది, దాన్ని ఎప్పుడో మూసేశారు. ఇప్పుడు ఈ ఊరికి ఉన్నదంతా రోడ్డే. శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి పోయే 44వ నెంబరు, ఢిల్లీ నుంచి ముంబయి, బెంగళూరు మీదుగా చెన్నైకి పోయే 48వ నెంబరు, అనంతపురం, మదనపల్లె, కుప్పం మీదుగా వచ్చే 42వ నెంబరు, తిరువణ్ణామలై మీదుగా తిండివనం పోయే 77వ నెంబరు, ఈ నాలుగు జాతీయ రహదారులూ ఇక్కడ కలుస్తాయి. బెంగళూరు నుంచి చెన్నైకి, సేలానికి, మదురైకి, పుదుచ్చేరికి పోయే బస్సుల్లో, కార్లలో చాలా వరకు మా గడప తొక్కే పోతాయి. అరగంట ఆగుతారు, కాఫీ తాగుతారు, ఏదో ఒకటి కొని సంచిలో వేసుకుంటారు, వెళ్ళిపోతారు. ఓడరేవులో జరిగేది అచ్చంగా ఇదే.

కృష్ణగిరి దాటి ధర్మపురి దారిలో కావేరిపట్టణం అని ఊరుంది. తమిళంలో పట్టినం అంటే రేవు పట్నం. ఊరు ఉన్నది కావేరి ఒడ్డునా కాదు, సముద్రం ఒడ్డునా కాదు, దక్షిణ పినాకిని ఒడ్డున. ఆ పేరు విన్నప్పుడల్లా మా జిల్లాకు రేవు అన్న మాట తగినదే అనిపిస్తుంది.

నిజమైన రేవుల సంగతి చిన్నమ్మ ఫోన్లో చెప్పింది. కొడుకు ఏడు రాత్రుల అలాస్కా ఓడ ప్రయాణానికి తీసుకుపోయాడు. సియాటిల్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు అమ్మానాన్నల్ని వేసవిలో ఇలా తిప్పడం ఇప్పుడు మామూలైపోయింది. "ఈడా మన రోడ్డు పక్క అంగళ్ళ కథే. ఓడ దిగితే వరసగా నగల అంగళ్ళు. ఈ ఊరిది ఏదని అడిగితే ఎలుగుబంటి గుర్తు చూసుకోమన్నారు" అంది. ఆ ఎలుగుబంటి వెనక పెద్ద కథే ఉంది.

జూనో లెక్క

అలాస్కా రాజధాని జూనోలో ఉండే జనం దాదాపు 32 వేలు. 2023లో ఆ ఊళ్ళో ఓడ దిగినవాళ్ళు సుమారు 16.5 లక్షలు. ఊరి మనిషి ఒక్కొక్కరికి 50 మందికి పైగా అతిథులన్న మాట, అదీ ఏప్రిల్ నుంచి అక్టోబరు లోపే. రద్దీ తట్టుకోలేక ఊరివాళ్ళు ఓడల కంపెనీలతో ఒప్పందం చేసుకున్నారు. 2024 నుంచి రోజుకు పెద్ద ఓడలు 5కు మించకూడదు. 2026 నుంచి ఓడల్లోని పడకల లెక్కన రోజుకు 16 వేలు, శనివారమైతే 12 వేలు హద్దు.

అంత జనం దిగే చోట అంగళ్ళు పుట్టుకురావడంలో వింత లేదు. అలాస్కా రేవుల్లో చాలా అంగళ్ళు ఓడలు వచ్చే నెలల్లో తెరిచి, చలికాలం మూసేసేవి. ఓడలో చేతికిచ్చే షాపింగ్ పటంలో మెచ్చుకున్న అంగళ్ళు చాలా వరకు ఆ ప్రచారానికి డబ్బు కట్టినవే. కొనేవాడికి ఇది తెలియదు. పటంలో ఉంది కాబట్టి మంచిదనుకుంటాడు.

అక్కడివాళ్ళు దీనికి విరుగుడుగా ముద్రలు పెట్టుకున్నారు. తల్లి ఎలుగూ పిల్ల ఎలుగూ ఉన్న 'మేడ్ ఇన్ అలాస్కా' ముద్ర 1986 నుంచి ఉంది. సరుకులో కనీసం 51 శాతం అలాస్కాలో తయారైతేనే అది వేసుకోవాలి. 'సిల్వర్ హ్యాండ్' అనే వెండి చేతి ముద్ర ఇంకా పాతది, 1961 నాటిది. అలాస్కా ఆదివాసి కళాకారులు అక్కడే ఉండి తమ చేత్తో చేసినవాటికే అది. వీటికి తోడు 1990లో అమెరికా మొత్తానికి ఒక చట్టం వచ్చింది. ఆదివాసులు చేయనిదాన్ని వాళ్ళ చేతిపని అని అమ్మితే, మొదటిసారి పట్టుబడిన మనిషికే 2,50,000 డాలర్ల వరకు జరిమానా, 5 ఏళ్ళ వరకు జైలు. మన డబ్బులో జరిమానా 2 కోట్ల రూపాయల పైమాటే.

అది కాగితం మీది చట్టంగా మిగిలిపోలేదు. కెచికన్ అనే రేవులో ఒక కుటుంబం ఫిలిప్పీన్స్‌లో చెక్కించి తెప్పించిన కొయ్య స్తంభాలనూ రాతి బొమ్మలనూ అక్కడి ఆదివాసుల పనితనమని చెప్పి ఏళ్ళ తరబడి అమ్మింది. 2023లో వాళ్ళలో ఒకరికి 2 ఏళ్ళ జైలు పడింది.

ఇది చదివినప్పుడు నాకు మా రోడ్డు పక్క అంగడి గుర్తొచ్చింది. అక్కడ మోసం లేదు. కోవిల్‌పట్టి మిఠాయిని కోవిల్‌పట్టిది అనే అమ్ముతున్నారు. లేనిదల్లా మా జిల్లా సరుకు. లేకపోవడానికి ఇక్కడ ఏమీ పండకా, ఏమీ తయారు కాకా?

మనిషికి 160 కిలోల మామిడి

2004 ఫిబ్రవరిలో ధర్మపురి నుంచి విడదీసి కృష్ణగిరి జిల్లాను చేశారు. 2011 లెక్కల్లో జనం 18.8 లక్షలు. మామిడి సాగులో తమిళనాడులో ముందు వరసలో ఉన్న జిల్లా. జిల్లా యంత్రాంగం చెప్పే లెక్కన తోటలు సుమారు 30 వేల హెక్టార్లు, ఏటా దిగుబడి 3 లక్షల టన్నులు. అంటే జిల్లాలో మనిషి ఒక్కరికి దాదాపు 160 కిలోలు. ఏటా జూన్ ప్రాంతంలో కృష్ణగిరిలో అఖిల భారత మామిడి ప్రదర్శన పెడతారు. బేనీషా, మల్గోవా, ఇమాం పసంద్, సెందూరా, నీలం, ఆల్ఫాన్సో ఒకే పందిట్లో చూడాలంటే అక్కడికి రావాలి.

కానీ తోటల్లో పెద్ద భాగం బెంగళూరాదే. తోతాపురి అన్నా అదే. కాయ కొన చిలకముక్కులా వంగి ఉంటుంది. పచ్చిగా కోసి ఉప్పూ కారం అద్దుకు తింటే దీనికి సాటి లేదు. మాగితే మాత్రం దీని దారి గుజ్జు ఫ్యాక్టరీకే. దేశంలో మామిడి గుజ్జుకు పెద్ద నెలవులు రెండు: చిత్తూరు, కృష్ణగిరి.

ఇక్కడ కాయ ఎంత గుజ్జవుతుందో చూడండి. కిలో గుజ్జుకు దాదాపు రెండు కిలోల కాయ కావాలి. ఎగుమతికి పోయే పీపాలో 215 కిలోల గుజ్జు పడుతుంది, అంటే 400 కిలోలకు పైగా కాయ, చిన్న ట్రాలీలో సగం. పెద్ద డబ్బా అయితే 3.1 కిలోలు, పెట్టెకు 6 డబ్బాలు. తీపి కొలత బ్రిక్స్‌లో చెబుతారు: తోతాపురి గుజ్జుకు 14, ఆల్ఫాన్సోకు 16 తగ్గకూడదన్నది వ్యాపారంలో నడిచే లెక్క.

ఇప్పుడు చిన్నమ్మ చేతిలోని సీసా దగ్గరికి రండి. మన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం పండ్ల డ్రింక్‌లో కనీసం 10 శాతం పండు రసం ఉండాలి. 200 మిల్లీలీటర్లలో ఆ కనీసమే వేస్తే 20 మిల్లీలీటర్ల గుజ్జు. దానికి పట్టే కాయ సుమారు 40 గ్రాములు. 2025 వేసవిలో బెంగళూరా ధర కిలో 5 రూపాయల చుట్టుపక్కలకు పడిపోయింది. ఆ ధరకు ఆ సీసాలోంచి రైతుకు చేరింది 20 పైసలు. చిత్తూరులో అదే ఏడాది ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు ఇప్పించింది, ఫ్యాక్టరీ 8, సర్కారు 4. ఆ ధర లెక్కన కూడా 48 పైసలే.

20 పైసలు అని రాస్తుంటే నా చెయ్యి ఆగింది. కోత కూలి, బండి బాడుగ పోను మిగిలేది లేక కాయను చెట్టుకే వదిలేసిన రైతులు ఆ వేసవిలో ఎందరో. అదే రోజుల్లో తోట ముందు రోడ్డు మీద వేల కార్లు పోతూనే ఉన్నాయి. వాటిలో ఒక కారు ఆగి, తోట దగ్గరి పందిట్లో 5 కిలోల బేనీషానో సెందూరానో కొంటే ఆ డబ్బు నేరుగా రైతింటికి పోతుంది. మే, జూన్‌లో ఈ దారిన వచ్చేవాళ్ళు చేయగలిగిన మంచి కొనుగోలు ఇదే అని నా గట్టి నమ్మకం. సీజను కాని రోజుల్లో అయితే గుజ్జు డబ్బా. దాని మీద తయారీ చిరునామా కృష్ణగిరి, కావేరిపట్టణం, బర్గూరు చుట్టుపక్కలదై ఉంటే అది అచ్చంగా ఈ నేల గుర్తు.

అమెరికా పోయేవాళ్ళకు ఒక మాట. మన మామిడి పండును 2007 నుంచి అమెరికా రానిస్తోంది గానీ, వికిరణం చేసి, ధ్రువపత్రంతో వాణిజ్యంగా వచ్చినదాన్నే. సంచిలో పండ్లు పెట్టుకుపోతే విమానాశ్రయంలో తీసి పారేస్తారు. సీలు వేసిన గుజ్జు డబ్బాను పెద్ద పెట్టెలో పెట్టుకోవచ్చు, చేతి సంచిలో మాత్రం వద్దు. అక్కడ ద్రవాలకు 100 మిల్లీలీటర్లే హద్దు.

గులాబీ, గడియారం, అంటు

హోసూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఎండ మండదు, చలి కొరకదు. అందుకే ఇక్కడ గులాబీ కుదురుకుంది. ఊరి పక్క అముదగొండపల్లిలో తాన్‌ఫ్లోరా పూల పార్కు 50 హెక్టార్ల పాలీహౌస్‌లతో పెట్టినది. ఫిబ్రవరి 14 ముందు రెండు వారాలు ఇక్కడి నుంచి తాజ్‌మహల్ రకం ఎర్ర గులాబీలు విదేశాలకు విమానమెక్కుతాయి. కట్టకు 20 కాడలు, అట్టకాగితం చుట్టి ఇస్తారు. ధర పువ్వును బట్టి కంటే కాడ పొడవును బట్టి: 40 సెంటీమీటర్లకు ఒకటి, 50కి ఒకటి, 60కి ఒకటి. బెంగళూరు వైపు పోయేవాళ్ళు పొద్దున్నే ఒక కట్ట కొని, ఇంటికి పోగానే కాడ కొస ఏటవాలుగా కోసి నీళ్ళలో పెడితే వారం నిలుస్తుంది.

నిలిచే గుర్తు కావాలంటే గడియారం. టైటాన్ అనే పేరులోనే మా రాష్ట్రం ఉంది: టాటా ఇండస్ట్రీస్, తమిళనాడు, రెండింటి మొదటి అక్షరాలు కలిపి పెట్టిన పేరు. 1984లో టాటాలూ, తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి మొదలుపెట్టిన కంపెనీ, ఫ్యాక్టరీ హోసూరులో. 2002లో ఇక్కడి ఇంజినీర్లు ఎడ్జ్ అనే గడియారం తెచ్చారు. మొత్తం మందం 3.5 మిల్లీమీటర్లు. లోపలి యంత్రం 1.15 మిల్లీమీటర్లు, అంటే జేబులోని రూపాయి బిళ్ళ కన్నా పలచన. ఆ మందంలో పళ్ళచక్రాలు, తీగచుట్ట అన్నీ అమరాయి, నీళ్ళు చొరబడకుండా కూడా చేశారు. అలాస్కా రేవుల్లో నగల అంగళ్ళ వరస చూసి చిన్నమ్మ ఆశ్చర్యపోయింది గానీ, తనిష్క్ నగల ఫ్యాక్టరీ కూడా మా హోసూరులోనే 1990లలో మొదలైంది. ఊళ్ళోవాళ్ళకే ఇది గుర్తుండదు.

ఒక జాగ్రత్త. టైటాన్ గడియారాలు ఇప్పుడు ఇంకా కొన్ని చోట్ల కూడా తయారవుతాయి. కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు హోసూరు సిప్కాట్ పారిశ్రామికవాడలో ఉంది కాబట్టి పెట్టె మీద హోసూరు అని కనబడినంత మాత్రాన ఆ గడియారం ఇక్కడే బిగించారని అనుకోకూడదు. 'తయారీ' అన్న మాట పక్కన ఏ ఊరుందో అది చూడాలి.

మా జిల్లాలోని పోచంపల్లి దగ్గర సందూరు అనే పల్లె ఉంది. ఒక్క ఆ ఊళ్ళోనే మామిడి నర్సరీలు 150 దాకా ఉన్నాయని జిల్లావాళ్ళ లెక్క. అక్కడ కట్టిన అంటు ఒకటి కారు వెనక సీటు కింద ఒదిగిపోతుంది, నాలుగైదేళ్ళకు కాపుకొస్తుంది. ఆంధ్రా, తెలంగాణ వైపు పెరడున్నవాళ్ళకు ఇంతకన్నా మంచి గుర్తు నాకు తెలియదు. బర్గూరు వైపు గ్రానైటు సంచిలో పట్టేది కాదు. కృష్ణగిరి డ్యాం దగ్గరి చేపల వేపుడు అక్కడ నిలబడి తినాల్సిందే.

ప్యాకెట్ వెనక అంకెలు

ఎలుగుబంటి ముద్ర లేని చోట కొనేవాళ్ళు ఎలా గుర్తుపట్టాలి? తినే సరుకైతే చాలా వరకు జవాబు ప్యాకెట్ మీదే ఉంటుంది. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు కింద 14 అంకెలు చూడండి. మొదటి అంకె లైసెన్సు రకం. రెండూ మూడూ అంకెలు రాష్ట్రం: తమిళనాడుకు 24, కర్ణాటకకు 12. అక్కడ 00 ఉంటే కేంద్ర లైసెన్సు, దాన్నిబట్టి ఊరు తెలియదు. నాలుగూ అయిదూ అంకెలు లైసెన్సు ఇచ్చిన సంవత్సరం. మొదట్లో 124 అని ఉంటే తమిళనాడు లైసెన్సు మీద తయారైందని అర్థం. కొన్ని ప్యాకెట్ల మీద రెండు లైసెన్సులు ఉంటాయి, ఒకటి తయారీదారుది, ఒకటి అమ్మేవాళ్ళది. మనకు కావాల్సింది మొదటిది.

తర్వాత పిన్‌కోడ్. 635తో మొదలైతే కృష్ణగిరి, తిరుపత్తూరు చుట్టుపక్కలది.

చాలామంది బార్‌కోడ్ చూస్తారు, 890 ఉంటే ఇండియాలో తయారైందని నమ్ముతారు. అది పొరపాటు. 890 చెప్పేది ఆ కంపెనీ భారతదేశపు బార్‌కోడ్ సంస్థ దగ్గర నెంబరు తీసుకుందని మాత్రమే. సరుకు ఎక్కడ తయారైందో ఆ మూడు అంకెలు చెప్పవు.

చేతిపనులకూ పేరున్న తినుబండారాలకూ జీఐ (భౌగోళిక గుర్తింపు) గుర్తు ఉంది. 1999లో చట్టం చేశారు, 2003 సెప్టెంబరు 15 నుంచి అమలైంది, దేశమంతటికీ రిజిస్ట్రీ చెన్నైలో ఉంది. 2004లో డార్జీలింగ్ టీతో మొదలైన ఆ పట్టికలో కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక బొమ్మలు, అరకు కాఫీ, తిరుపతి లడ్డూ, ఆత్రేయపురం పూతరేకులు అన్నీ ఉన్నాయి. రోడ్డు పక్క అంగట్లో మేము చూసిన పాల్‌కోవా, కడలై మిఠాయి, చన్నపట్టణ బొమ్మలూ జీఐ సరుకులే. ఆ ఊళ్ళు తమ పేరును కాపాడుకున్నాయి కాబట్టే ఎంతో దూరం నడిచి వచ్చి మా అంగట్లో కూర్చున్నాయి. వాటిని చూసి అసూయ పడాల్సిన పని లేదు, నేర్చుకోవాల్సింది ఉంది.

తెలుగువాళ్ళకు సొంత ఓడ రేవు కూడా వచ్చేసింది. విశాఖపట్నంలో 96 కోట్ల రూపాయలతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌ను 2023 సెప్టెంబరులో తెరిచారు. రేపు అక్కడ దిగే వేలమంది చేతిలో ఏటికొప్పాక లక్క బొమ్మ పడుతుందా, ఎక్కడో అచ్చుపోసిన ప్లాస్టిక్ బొమ్మ పడుతుందా అన్నది టెర్మినల్ లోపల అల్మారా ఎవరికిస్తారన్నదాన్నిబట్టి ఉంటుంది. జూనో నేర్చుకున్న పాఠం విశాఖ ముందే చదువుకుంటే మేలు. కృష్ణగిరికి ఇంకా సులువు: టోల్‌గేట్ల దగ్గర, పెద్ద హోటళ్ళ ముందు రైతు సంఘాలకు, మహిళా సంఘాలకు ఒక్కొక్క గది ఇస్తే చాలు. జిల్లా పేరుతో ఒక ముద్ర, 51 శాతం లాంటి ఒక షరతు, వాటితో పని మొదలవుతుంది.

చిన్నమ్మ చివరికి కావేరిపట్టణం వైపు తయారైన గుజ్జు డబ్బాలు రెండు కొనుక్కుని పోయింది. వచ్చేటప్పుడు ఎలుగుబంటి ముద్ర ఉన్న చిన్న కొయ్య గరిటె తెచ్చింది.

మీరు ఈ దారిన వచ్చినప్పుడు అంగడాయనను ఒక్క మాట అడగండి: "వీట్లో ఈ జిల్లాది ఏది?" పదిమంది అడిగితే పదకొండోవాడికి చూపించడానికి ఆయన తెప్పించి పెడతాడు. ప్యాకెట్ మీద చూసుకోవడానికి: హోసూరు పిన్‌కోడ్ 635109, కృష్ణగిరిది 635001, బర్గూరుది 635104.